‘అయిపోతది సార్’ అన్న పని అయ్యేదాకా: ప్రాజెక్టు నడిపేవారికి మెట్టు మెట్టుగా మార్గదర్శి

హైదరాబాద్‌లో ప్రాజెక్టు బాధ్యత తీసుకునేవాళ్లలో చాలామంది ఆ పని నేర్చుకుని తీసుకోరు. కోడ్ బాగా రాసేవాణ్ని టీమ్ లీడ్ చేస్తారు. సైట్‌లో చురుగ్గా తిరిగే ఇంజినీరుకు మరో రెండు సైట్లు అంటగడతారు. ఆసుపత్రిలో బిల్లింగ్ చక్కగా చూసుకునే అమ్మాయికి కొత్త బ్రాంచి తెరిచే పని అప్పగిస్తారు. అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల కోచింగ్ తీసుకుని పీఎంపీయో స్క్రమ్ మాస్టరో, ఇలా ప్రాజెక్టు నడపడం మీద ఇచ్చే సర్టిఫికెట్ ఏదైనా తెచ్చుకుంటే మంచిదే. పదాలు తెలుస్తాయి, ఇంటర్వ్యూలో అక్కరకొస్తాయి. కానీ ఎలక్ట్రీషియన్ మూడు రోజులుగా ఫోన్ ఎత్తకపోతే ఏం చేయాలో ఆ సిలబస్‌లో ఉండదు.

నా లెక్కలో లీడర్ అసలు పని ఒకటే: చెడ్డ కబురు వీలైనంత ముందుగా తన చెవిన పడేలా చూసుకోవడం. ముందు తెలిస్తే ఏదో ఒక దారి దొరుకుతుంది. ఆఖరి వారంలో తెలిస్తే ఎంత తెలివైనవాడైనా క్షమాపణలు చెప్పుకోవాల్సిందే. కింద చెప్పే మెట్లన్నీ ఈ ఒక్క పని కోసమే.

ఉదాహరణకు, కూకట్‌పల్లిలో ఒక డయాగ్నస్టిక్ సెంటర్ కొత్త బ్రాంచి తెరవాలనుకుందాం. ఊహించి చెబుతున్నదే అయినా సివిల్ పని, కరెంటు, ప్రభుత్వ అనుమతులు, సాఫ్ట్‌వేర్, నియామకాలు అన్నీ ఇందులో ఉన్నాయి. మీది పూర్తిగా ఐటీ ప్రాజెక్టయినా ఇదే వరస పనికొస్తుంది.

1. ‘అయిపోయింది’ అంటే ఏమిటో ముందే రాయండి

ఒక్క పేజీ చాలు. అందులో నాలుగు విషయాలుండాలి: ఏ రోజుకు ఏం జరిగితే పని పూర్తయినట్టు, ఎంత డబ్బు, ఈ ప్రాజెక్టులో ఏవి లేవు, ఆఖరి మాట ఎవరిది.

మొదటిదాన్ని కళ్లకు కనిపించేలా రాయాలి. ‘సెంటర్ సిద్ధం కావాలి’ అని రాస్తే ఒక్కొక్కరికి ఒక్కోలా అర్థమవుతుంది. ‘మొదటి పేషెంట్ రక్తం శాంపిల్ ఇచ్చి, అదే రోజు సాయంత్రం ప్రింటెడ్ రిపోర్టు తీసుకెళ్లాలి’ అని రాస్తే వాదన ఉండదు. ఆ రిపోర్టు రావాలంటే ల్యాబ్ టెక్నీషియన్, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, ప్రింటర్, సంతకం చేసే డాక్టరు అందరూ ఉండాలని దానంతటదే తేలుతుంది.

మూడోది అందరూ వదిలేస్తారు. ఎంఆర్ఐ ఇప్పుడు లేదు, ఇంటింటికీ వెళ్లి శాంపిల్ తీసుకోవడం ఇప్పుడు లేదు, మొబైల్ యాప్ ఇప్పుడు లేదు. రాసి లేకపోతే నెల తిరగకుండానే ఎవరో ఒకరు ‘యాప్ ఎంతవరకు వచ్చింది?’ అని అడుగుతారు.

నాలుగోది కుటుంబ వ్యాపారాల్లో మరీ ముఖ్యం. చైర్మన్ గారు ఒకటి చెప్తారు, వాళ్లబ్బాయి ఇంకొకటి చెప్తారు, మేడం గారు గోడల రంగు మార్చమంటారు. ఎవరి మాట దేనికి చెల్లుతుందో మొదటి సమావేశంలోనే మర్యాదగా అడిగేయండి: ‘సార్, ఇద్దరి మాట వేరువేరుగా వచ్చినప్పుడు నేను ఎవరిది తీసుకోవాలి?’ అడిగిన రోజు కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది. అడక్కపోతే ఆ ఇబ్బంది ప్రాజెక్టు పొడవునా ఉంటుంది.

2. ఏది దేని కోసం ఆగుతుందో గీయండి

పనుల జాబితా అందరూ రాస్తారు. ఏ పని పూర్తయితే ఏ పని మొదలవుతుందో గీసేవాళ్లు తక్కువ. 1950ల చివర్లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ తన రసాయన కర్మాగారాల కోసం, అక్కడి నౌకాదళం పొలారిస్ క్షిపణి కోసం ఈ పద్ధతులను తయారుచేసుకున్నాయి. ఇప్పుడు క్రిటికల్ పాత్ అంటున్నది దీన్నే: మొదటి నుంచి చివరిదాకా ఉన్న దారుల్లో అన్నింటికంటే పొడవైనది. ఆ దారిలో ఒక రోజు ఆలస్యమైతే ప్రారంభం ఒక రోజు వెనక్కి పోతుంది. మిగతా దారుల్లో కొంత వెసులుబాటు ఉంటుంది.

మన సెంటర్‌నే చూడండి. ఎవరినడిగినా ముందు ఇంటీరియర్, తర్వాత యంత్రాలు, ఆఖర్న స్టాఫ్ అని చెప్తారు. కానీ అల్ట్రాసౌండ్‌కు పీసీపీఎన్‌డీటీ చట్టం (కడుపులో బిడ్డ ఆడో మగో చెప్పడాన్ని నిషేధించేది) కింద రిజిస్ట్రేషన్ తప్పనిసరి. రిజిస్ట్రేషన్ లేని చోటికి యంత్రం అమ్మడమే ఆ చట్టం ఒప్పుకోదు. రిజిస్ట్రేషన్ రావాలంటే అర్హత ఉన్న డాక్టరు పేరు చూపించాలి. అంటే ఆఖర్న చూద్దాంలే అనుకున్న రేడియాలజిస్టు నియామకమే అందరికంటే ముందు జరగాలి. డాక్టరు లేక రిజిస్ట్రేషన్ లేదు, రిజిస్ట్రేషన్ లేక యంత్రం లేదు. ఇంటీరియర్ ఎంత వేగంగా పూర్తిచేసినా లాభం ఉండదు, అద్దె మాత్రం కడుతూనే ఉంటారు.

ఇలాంటివే మరికొన్ని ఉన్నాయి. ఎక్స్-రే, సీటీ యంత్రాలకు ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ మండలి) అనుమతి దాని ఆన్‌లైన్ పోర్టల్ ఈ-లోరా ద్వారా రావాలి. ఆ గది గోడల మందం, సీసం వేసిన తలుపు వంటివి గది కట్టేముందే తేల్చుకోవాలి. బయోమెడికల్ వ్యర్థాలకు కాలుష్య నియంత్రణ మండలి అనుమతి, కరెంటు లోడు పెంచుకోవడానికి దరఖాస్తు, ట్రేడ్ లైసెన్సు కూడా ఉన్నాయి. వీటిలో ఏదీ కష్టమైన పని కాదు. కానీ ప్రతిదానికీ ఎదురుచూపు ఉంటుంది. ఎదురుచూపు ఉన్న పనులను మొదటి వారంలోనే కదిలించాలి.

గీయడానికి సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. గోడ మీద రంగు చీటీలు అంటించి, సంబంధం ఉన్నవాళ్లందరినీ పిలిచి గీతలు గీయించండి. ‘నీ పని మొదలుపెట్టాలంటే నీకు ఎవరి దగ్గర్నుంచి ఏం రావాలి?’ అని ఒక్కొక్కరినీ అడగండి. ఏసీ అతను ‘ఫాల్స్ సీలింగ్ మూయకముందే నా పైపులు పోవాలె’ అంటాడు. సీలింగ్ అతను అది అప్పుడే మొదటిసారి వింటాడు. ఆ సమావేశం ఖర్చు అక్కడికే వచ్చేసినట్టు.

3. ఎస్టిమేట్: ఒక అంకె కాదు, మూడు అంకెలు

‘ఎన్ని రోజులు పడుతుంది?’ అని అడిగితే మనిషి మంచి రోజును ఊహించుకుని చెప్తాడు. అబద్ధం కాదది, మన మనసుల తీరే అంత. ఇలాంటి పనులు గతంలో ఎంత ఆలస్యమయ్యాయో తెలిసి కూడా ఈసారి తొందరగా అవుతుందని నమ్మడాన్ని డేనియల్ కానెమాన్, ఏమస్ ట్వెర్‌స్కీ 1979లోనే గుర్తించి దానికి ‘ప్లానింగ్ ఫాలసీ’ అని పేరు పెట్టారు.

అందుకే మూడు అంకెలు అడగండి: అన్నీ కలిసొస్తే ఎన్ని రోజులు, మామూలుగా ఎన్ని, ఇబ్బందులొస్తే ఎన్ని. మధ్య అంకెను నాలుగుతో గుణించి, మిగతా రెండూ కలిపి, ఆరుతో భాగించండి. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టడానికి 10, 15, 32 అన్నారనుకోండి. 10 + 60 + 32 కలిపితే 102, ఆరుతో భాగిస్తే 17 రోజులు. లెక్క కంటే విలువైనది ఆ 32. ‘32 ఎందుకన్నారు?’ అని అడగండి. ‘పాత పేషెంట్ల డేటా ఎక్సెల్‌లో ఎట్లుందో ఇంకా చూడలే సార్’ అంటారు. అదీ మీకు కావాల్సిన కబురు. దాన్ని చూడటానికి రేపే ఒక మనిషిని పెట్టండి.

తర్వాత హైదరాబాద్ క్యాలెండర్ పక్కన పెట్టుకోండి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వానలు: బయటి పెయింటింగ్, టెర్రస్ వాటర్‌ప్రూఫింగ్ అప్పుడు పెట్టుకోవద్దు. ఆషాఢంలో ఆదివారాలు బోనాలు. వినాయక నిమజ్జనం రోజు ట్యాంక్‌బండ్ వైపు ఏ లారీ రాదు. బతుకమ్మ, దసరాకు ఊళ్లకు వెళ్లేవాళ్లుంటారు. టైల్స్, పెయింటింగ్, వడ్రంగం పనుల్లో బిహార్, యూపీ నుంచి వచ్చినవాళ్లు ఎక్కువ. దీపావళికి వెళ్లినవాళ్లు ఛఠ్ పూజ అయ్యాకే తిరిగొస్తారు. సంక్రాంతికి సగం నగరం విజయవాడ హైవే మీదే ఉంటుంది. మార్చి ఆఖర్లో బ్యాంకుల్లో, ఆఫీసుల్లో ఏ పనీ చేయించుకోలేరు. మూఢం ఉంటే యజమాని ప్రారంభానికి ఒప్పుకోరు. ఈ విషయంలో పంతులుగారిని ముందే అడగడం కూడా ప్లానింగే, నవ్వొద్దు. అమెరికా క్లయింటు ఉన్నవాళ్లయితే నవంబర్ ఆఖరి నుంచి జనవరి మొదటి వారం దాకా నిర్ణయాలు నెమ్మదిస్తాయని రాసుకోండి.

4. ముందుగానే పోస్ట్‌మార్టం చేయండి

మనస్తత్వవేత్త గ్యారీ క్లైన్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. గంట చాలు. అందరినీ కూర్చోబెట్టి ఇలా చెప్పండి: ‘ఆరు నెలలు గడిచాయి. ప్రాజెక్టు ఘోరంగా దెబ్బతింది. ఎందుకో ఎవరికి వారు కాగితం మీద రాయండి.’ పేర్లు అక్కర్లేదు. ‘ఏమైనా రిస్కులున్నాయా?’ అని అడిగితే ‘ఏం లేవు సార్’ అంటారు. దెబ్బతిన్నదని ముందే చెప్పేస్తే అశుభం పలికినట్టుండదు కాబట్టి ఉన్నదంతా రాస్తారు. వచ్చిన చీటీల్లోంచి పెద్దవి ఐదు తీసుకుని, ఒక్కోదానికీ ఒక మనిషిని, ఒక తేదీని పెట్టండి.

5. ఒక పనికి ఒకే పేరు

‘మీరిద్దరూ కలిసి చూసుకోండి’ అంటే ఎవరూ చూసుకోరు. సాయం ఎంతమందైనా చేయొచ్చు, జవాబు చెప్పే పేరు మాత్రం ఒకటే ఉండాలి. ఆ మనిషికి మూడు విషయాలు తెలియాలి: ఏం రావాలి, ఎప్పటికి, ఎంతవరకు సొంతంగా నిర్ణయం తీసుకోవచ్చు. మూడోది చెప్పకుండా పని అప్పగిస్తే 2 వేల రూపాయల స్విచ్‌బోర్డుకు కూడా మీకే ఫోన్ వస్తుంది. ‘20 వేల లోపయితే నువ్వే తేల్చు, నాకు సాయంత్రం చెప్పు’ అనండి. ఆ తర్వాత వాళ్లు తీసుకున్న నిర్ణయం మీకు నచ్చకపోయినా ఆ హద్దు లోపల ఉంటే మార్చకండి. ఒక్కసారి మార్చారా, రేపటి నుంచి మళ్లీ అన్నీ మీ దగ్గరికే.

వయసులో, అనుభవంలో పెద్దవాళ్లు మీ కింద పనిచేస్తుంటే మేస్త్రీనైనా, సీనియర్ ప్రోగ్రామర్‌నైనా అందరి ముందు ‘ఎందుకు కాలేదు?’ అని అడగొద్దు. పక్కకు పిలిచి ‘అన్నా, ఇది ఎట్ల చేస్తే బాగుంటది?’ అనండి. గౌరవం ఇచ్చినచోట నిజం తొందరగా బయటికొస్తుంది.

6. రోజూ పదిహేను నిమిషాలు, సరైన ప్రశ్న

సాఫ్ట్‌వేర్ టీములు ఎక్కువగా వాడే స్క్రమ్ పద్ధతిలో రోజువారీ సమావేశానికి 15 నిమిషాలే హద్దు. సివిల్ సైట్‌కైనా అదే చాలు, కుర్చీలు కూడా వద్దు. కానీ సమావేశం పెట్టడం తేలిక, అందులో ఏం అడుగుతారన్నదే కష్టం.

‘అయిందా?’ అని అడగొద్దు. ఈ ఊళ్లో దానికి ఒకటే జవాబు: ‘అయిపోతది సార్.’ ఎదురుగా ఉన్న మనిషిని నొప్పించకూడదన్న మర్యాద అందులో ఉంది, తిడతారేమోనన్న భయమూ ఉంది. ‘ఎంత శాతం అయింది?’ కూడా వద్దు. 90 శాతం దగ్గర పని వారాల తరబడి ఆగిపోవడం ప్రతి టీమూ చూసిందే. ఆ మిగిలిన 10 శాతంలోనే అసలు చిక్కులన్నీ ఉంటాయి.

బదులుగా ఈ ప్రశ్నలు పనికొస్తాయి:

- ఇంకా ఏమేం మిగిలింది?
- ఏది చూపించగలవు?
- నీకు ఎవరి నుంచి ఏం రావాలి?
- శుక్రవారానికి కాకపోతే దేనివల్ల కాకపోవచ్చు?

రెండో ప్రశ్న అన్నింటికంటే గట్టిది. పని అయిందో కాలేదో రెండే లెక్కలు పెట్టుకోండి. వైరింగ్ అయిందంటే ప్రతి పాయింటులో లైటు వెలగాలి. బిల్లింగ్ మాడ్యూల్ అయిందంటే కౌంటర్‌లో కూర్చునే అమ్మాయి మీ ఎదురుగా ఒక బిల్లు కొట్టి, రద్దు చేసి, డబ్బు వాపసు చూపించాలి. సగం అయిన పనికి సున్నా వేయండి. మొదటి రెండు వారాలు అందరూ గొణుగుతారు. తర్వాత వాళ్లే పనిని చిన్న ముక్కలు చేసుకుని చెప్పడం మొదలుపెడతారు.

వారానికోసారైనా మీరే నడుచుకుంటూ వెళ్లండి. సైట్ అయితే సైట్‌కి, సాఫ్ట్‌వేర్ అయితే వాడేవాళ్ల దగ్గరికి. 1964 డిసెంబర్ తుపానులో పంబన్ రైలు వంతెన గర్డర్లు కొట్టుకుపోతే, బాగుచేయడానికి రైల్వే ఆరు నెలల గడువు పెట్టింది. పైఅధికారి దాన్ని మూడు నెలలకు కుదించారు. అప్పటి యువ ఇంజినీరు ఇ. శ్రీధరన్ 46 రోజుల్లో ముగించారు. ఈ కథను అందరూ పట్టుదలకు ఉదాహరణగా చెప్తారు. నాకు అందులో ఇంకో విషయం ముఖ్యంగా కనిపిస్తుంది: గర్డర్లు సముద్రం అడుగున ఎక్కడున్నాయన్న కబురు జాలర్ల నుంచి వచ్చింది. కొత్తవి తయారుచేయించే పని తప్పి, ఉన్నవాటిని పైకి లేపి వాడుకునే పనిగా మారింది. ఆఫీసులోనే కూర్చున్నవాడికి ఆ కబురు అందేది కాదు.

ఇక ముఖ్యమైన మాట. ఎవరైనా చెడ్డ కబురు తెచ్చినప్పుడు మీ మొదటి మాట ‘మంచిది, ఇప్పుడే చెప్పావు’ అయ్యుండాలి. కోపం వచ్చినా సరే. రెండో మాట ‘ఇప్పుడేం చేద్దాం?’ ఎవరిది తప్పన్నది పని చక్కబడ్డాక చూసుకోవచ్చు. ఒక్కసారి అందరి ముందు కేకలేశారంటే, ఆ తర్వాత మీ టీములో అందరూ నవ్వుతూనే కనిపిస్తారు, విషయాలు మాత్రం మీకు ఆఖర్న తెలుస్తాయి.

7. ‘చిన్నదే కదా’ అన్నప్పుడు

మార్పులు వద్దనలేం. డబ్బు పెట్టేవాళ్లు మార్చమంటారు, అది వాళ్ల హక్కు. ఆ మార్పు ధర వాళ్లకు తెలిసేలా చేయడం మాత్రం మీ పని. ఫోన్‌లో చెప్పినా, లిఫ్ట్‌లో చెప్పినా అదే రోజు వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో ఇలా రాయండి:

‘సార్, రిసెప్షన్ కుడివైపుకు మార్చమన్నారు. కరెంటు పాయింట్లు, నెట్‌వర్క్ కేబుల్ మళ్లీ లాగాలి. 6 రోజులు, సుమారు 85 వేలు అదనం. ప్రారంభం 14 నుంచి 20వ తేదీకి వెళ్తుంది. సరే అంటే రేపు ఉదయం మొదలుపెడతాం.’

ఇందులో వద్దన్న మాట లేదు, ఫిర్యాదు లేదు. ఇలా అంకెలతో అడిగితే సగం మార్పులు ‘సర్లే, అట్లనే ఉండనీ’ దగ్గర ఆగిపోతాయి. మిగతా సగానికి తేదీ, డబ్బు రెండూ చేతికొస్తాయి.

8. పైవాళ్లకు చెప్పడం

కింది నుంచి చెడ్డ కబురు మీకు తొందరగా రావాలని కోరుకుంటే, మీరు కూడా పైకి తొందరగా చెప్పాలి. కబురుతో పాటు దారులు తీసుకెళ్లండి:

‘ఎక్స్-రే గది తలుపు 12న రావాలి, 22 కంటే ముందు రాదని వెండర్ ఈరోజు చెప్పారు. దీంతో ప్రారంభం 8 రోజులు జరగొచ్చు. ఒకటి, ఎక్స్-రే లేకుండా అనుకున్న తేదీకే ల్యాబ్ తెరవడం. రెండు, మొత్తం 8 రోజులు జరపడం. నా సలహా మొదటిది. గురువారం లోపు మీ మాట కావాలి.’

ఈ సందేశానికి తిట్లు పడితే పడనివ్వండి. ప్రారంభానికి ముందు రోజు రాత్రి చెబితే పడేవి వేరే రకంగా ఉంటాయి.

9. ఆలస్యమైపోయింది, ఇప్పుడు?

మొదట గుర్తొచ్చే మందు ఇంకొంత మందిని దించడం. గోడలకు రంగు వేయడానికైతే పనిచేస్తుంది. ఆలోచనతో ముడిపడ్డ పనికి, ముఖ్యంగా సాఫ్ట్‌వేర్‌కు, అది ఆలస్యాన్ని పెంచుతుంది. కొత్తవాళ్లకు నేర్పడానికి పాతవాళ్ల సమయమే పోతుంది. ఐదుగురుంటే ఇద్దరిద్దరి మధ్య మాటలు నడవాల్సిన జతలు 10. పదిమంది అయితే 45. రాత్రి పని ఒక వారం లాక్కెళ్తుంది, మూడో వారానికి తప్పులు మొదలై మిగిలిన రోజులూ వాటికే పోతాయి.

పనికొచ్చే మందు పనిని విడతలు చేయడం. మన మెట్రోనే చూడండి. 69 కిలోమీటర్లూ పూర్తయ్యాకే తెరుస్తామని కూర్చోలేదు. 2017 నవంబర్‌లో మియాపూర్-నాగోల్ మధ్య రైళ్లు మొదలయ్యాయి. 2018 సెప్టెంబర్‌లో అమీర్‌పేట-ఎల్బీ నగర్, 2019 మార్చిలో హైటెక్ సిటీ, 2020 ఫిబ్రవరిలో జేబీఎస్-ఎంజీబీఎస్ కలిశాయి. మొత్తం అనుకున్న గడువుకు కాలేదు, కానీ అయిన భాగం జనానికి ఉపయోగపడుతూనే ఉంది. మీ ప్రాజెక్టులోనూ ఒంటరిగా నిలబడగల భాగం ఏదో చూడండి. ఆ సెంటర్‌లో రక్తపరీక్షలు, ఈసీజీ ముందు తెరవొచ్చు. స్కానింగ్ తర్వాత రావొచ్చు. దీనికోసం మొదటి మెట్టులోని పేజీ తీసి, పైవాళ్లతో కూర్చుని మళ్లీ రాసుకోవాలి. రాయకుండా మనసులోనే తగ్గించుకుంటే అది మోసం కిందికొస్తుంది.

10. ముగించడం కూడా ఒక పనే

ప్రారంభోత్సవం ఫొటోలు దిగగానే అందరూ తర్వాతి పనికి వెళ్లిపోతారు. సరిగా మూయని డ్రాయర్, నెట్ రాని గది, ఎవరికీ తెలియని సర్వర్ పాస్‌వర్డ్ అలాగే మిగిలిపోతాయి. కాంట్రాక్టరుకు ఆఖరి విడత డబ్బు కొంత ఆపి ఉంచాలని ఒప్పందంలోనే రాసుకోండి. మిగిలిన లోపాల జాబితా గదిగదీ తిరిగి రాయండి. అవి సరిచేశాక ఒక్క రోజు కూడా ఆపకుండా ఆ డబ్బు ఇచ్చేయండి. డబ్బు సమయానికి ఇచ్చే మనిషి ఫోన్‌ను ఈ ఊళ్లో ఏ మేస్త్రీ అయినా మొదటి రింగుకే ఎత్తుతాడు.

నడిపే సిబ్బందికి తాళాలు, వారంటీ కాగితాలు, లైసెన్సులు ఎప్పుడు రెన్యూ చేయించాలో తేదీలు, పాస్‌వర్డులు సంతకం తీసుకుని అప్పగించండి. ఆ వారంలోనే టీముతో ఒక పూట కూర్చుని, ప్రతి పనికీ మొదట అనుకున్న రోజులు ఒక వరసలో, నిజంగా పట్టిన రోజులు పక్క వరసలో రాయండి. తేడా ఎందుకొచ్చిందో ఒక్కో వాక్యం చాలు, ఎవరి పేరూ అక్కర్లేదు. కూకట్‌పల్లి తర్వాత కొంపల్లి బ్రాంచి ఎవరికి అప్పగిస్తారో, వాళ్లు ఎస్టిమేట్ వేసేముందే ఆ ఫైలు వాళ్లకు పంపండి.